మూరెడు దూరం

గుర్తులక్క హీరోను ప్రేమించిందట. మూడేళ్లు ఆ ప్రేమను కడుపులో దాచుకుందట. సీరియల్లో హీరో హీరోయిన్లు మొదటిసారి ఒకరినొకరు తాకే రోజు దగ్గరపడేసరికి ఓర్వలేక, కావాలనే మరక పడిన చొక్కాను కెమెరా ముందుకు పంపిందట. దాంతో ఐదేళ్లుగా నడుస్తున్న సీరియల్ కాస్తా రెండున్నర నెలల్లో మూతపడి, అరవై మంది వీధిన పడ్డారట.

ఈ మాట పుట్టింది మేకప్ గదిలో. హీరోయిన్‌కు జుట్టు దువ్వే హెయిర్‌డ్రెస్సరు, పక్కపిన్నులు పళ్ల మధ్య పెట్టుకుని మరీ చెప్పింది. క్యాంటీన్ దాకా వచ్చేసరికి మాటకు కాళ్లూ చేతులూ మొలిచాయి. గుర్తులక్క నోటుపుస్తకంలో హీరోగారి చేతిరుమాలు దొరికిందన్నారు. గేటు దగ్గరికి చేరేసరికి వాచ్‌మన్ ఆ రుమాలు రంగు కూడా చెప్పగలిగాడు. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చెప్పనివాళ్లు కూడా లేరు.

గుర్తులక్క అంటే ఆ సీరియల్లో కంటిన్యుటీ చూసే మనిషి. సీరియల్‌ను మనం చూసే వరసలో తీయరు. ఏడుపు ముందు తీస్తారు, ఆ ఏడుపుకు కారణం పది రోజుల తర్వాత తీస్తారు. తలుపు బయట నిలబడ్డ సీను ఇవాళ, అదే తలుపు లోపలికి వచ్చే సీను పైవారం. తెరమీద రెండూ కలిసేసరికి అతని చొక్కా పైగుండీ పెట్టి ఉందో తీసి ఉందో, ఆమె జుట్టు చెవి వెనక ఉందో ముందుకు జారిందో, కప్పులో టీ ఎంతవరకు ఉందో అన్నీ అతకాలి. ఆ అతుకు ఎవరికీ కనపడకూడదు. అదీ ఆమె పని.

ఆ పనిలోకి ఆమె అనుకుని రాలేదు. చదువు పదో తరగతిలోనే ఆగిపోతే చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరి, పధ్నాలుగేళ్లు గుండీలకు కాజాలు కుట్టింది. ఒక సెలవురోజు పక్కింటావిడ బలవంతం మీద షూటింగుకు వెళ్లి, ఆసుపత్రి సీనులో రోగి చుట్టాల మధ్య కూర్చుంది. రెండో టేకు అవుతుండగా, “నర్సమ్మ గడియారం ఇందాక కుడిచేతికి ఉంది” అని పక్కింటావిడ చెవిలో గొణిగింది. పక్కింటావిడకు గొణగడం రాదు. ఆ మాట డైరెక్టరు దాకా వెళ్లింది. ఆయన వెనక్కి తిప్పి చూసుకుని, లేచి వచ్చి ఆమెను కాసేపు తేరిపార చూశాడు. మర్నాడు ఆమె చేతికి నోటుపుస్తకం ఇచ్చారు. నోట్లో నాలుక లేని మనిషి, కానీ ఒకసారి చూసిన గుర్తు చెరగదు. అలా గుర్తులక్క అయింది. చివరికి ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తు లేకుండా పోయింది.

సీరియల్ రాసేవారిని అందరూ గురువుగారు అనేవారు. అరవై దాటిన మనిషి, కొడుకు పాత స్వెట్టరు వేసుకుని వచ్చేవారు. మొదటిరోజే ఆయన గుర్తులక్కను పక్కకు పిలిచి ఒక సంగతి చెప్పారు.

“ఇందులో కథంటూ ఏమీ లేదమ్మా. ఇద్దరు మనుషులున్నారు, వాళ్ల మధ్య కాస్త ఖాళీ ఉంది. జనం ప్రేమను చూడటానికి రారు, ఆ ఖాళీని చూడటానికి వస్తారు. అది నీ చేతిలో పెడుతున్నాను. నాకు తెలియకుండా ఒక్క అంగుళం కూడా తగ్గకూడదు.”

ఆమె దాన్ని అక్షరాలా పట్టుకుంది. నోటుపుస్తకంలో బట్టలు, జుట్టు, వస్తువులు అన్న గళ్ల పక్కన ‘దూరం’ అని ఇంకో గడి గీసింది. నేలమీద అతను నిలబడేచోట ఎర్ర టేపు, ఆమె నిలబడేచోట పసుపు టేపు అంటించేది. మొదటి ఏడు ఆ రెండు టేపుల మధ్య ఒక భోజనాల బల్ల పట్టేది. రెండో ఏడు కుర్చీ పట్టేది. నాలుగో ఏడు వచ్చేసరికి సరిగ్గా మూరెడు మిగిలింది. అక్కడ గురువుగారు ఆపేశారు. ఇక ఏడాదిన్నర పాటు ఆ మూరెడు దగ్గరే కథ తిరిగింది. అతను నోరు తెరవబోతే ఫోను మోగేది. ఆమె ఒక అడుగు ముందుకు వేయబోతే పెదనాన్న దగ్గుకుంటూ వచ్చేవాడు. చూసేవాళ్లు పెదనాన్నను తిట్టిపోసి, మర్నాడు అదే వేళకు టీవీ ముందు కూర్చునేవారు. ఆ పాత్ర వేసే పెద్దాయనను ఒకసారి బస్సులో ఒకావిడ గొడుగుతో పొడిచింది. ఆయన దాన్ని బహుమతిలా చెప్పుకునేవాడు.

గుర్తులక్క భర్త నీళ్ల మోటార్లు బాగుచేసే మెకానిక్. ఆయనా చూసేవాడు. సాయంత్రం గ్రీజు చేతులు కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని కూర్చుని, “ఇవాళైనా చెబుతాడా లేదా, ఆ మాట మాత్రం చెప్పవే” అని భార్యను వేధించేవాడు. ఆమె చెప్పేది కాదు. “అంత గుట్టు దేనికే, నేనేమైనా పేపరువాణ్ణా” అని మూతి ముడుచుకునేవాడు. పిల్లలు లేని ఆ రెండు గదుల ఇంట్లో రోజంతటిలో వాళ్లిద్దరూ కలిసి నవ్వుకునే అరగంట అదే.

రెండేళ్లు నిండాక మొదటి హీరో సినిమా వచ్చిందని వెళ్లిపోయాడు. గురువుగారు కథలో అగ్నిప్రమాదం పెట్టి, హీరో ముఖానికి కట్టు కట్టించి, పదిహేను రోజుల తర్వాత ఆ కట్టు విప్పించి కొత్త నటుణ్ణి దింపారు. కట్టు విప్పే సీను రోజు సెట్టు మీదున్నవాళ్లంతా పనులు మానేసి ఆ కొత్త ముఖం చూడటానికి ఎగబడ్డారు. గుర్తులక్క మాత్రం కట్టు ఎన్ని చుట్లుందో లెక్కపెట్టి రాసుకుంది. పదకొండు.

ఆ సీనుకు నెల ముందే ఆమె కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లివచ్చింది.

ఏది చూడబోతే అదే మాయమవుతోంది. చుట్టూ ఉన్నది ఉంటోంది, మధ్యలో మాత్రం ఎవరో తడిచేత్తో తుడిచేసినట్టు బూడిదరంగు మచ్చ. రెండు కళ్లలోనూ అంతే. డాక్టరు చాలాసేపు లైటు వేసి చూసి, ఇది తండ్రి నుంచి వచ్చిందని, మందు లేదని, పూర్తి చీకటి కాదు కానీ మధ్యచూపు మిగలదని చెప్పాడు. ఇంట్లో చెప్పి, పని మార్చుకోమన్నాడు. ఆమె బయటికి వచ్చి ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఆసుపత్రి చెత్తబుట్టలోనే పడేసింది.

ఆమె నాన్న ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేసేవాడు. కళ్లు మసకబారిన మొదటివారమే దాచుకోకుండా ఆఫీసులో చెప్పాడు, ఇంట్లో చెప్పాడు. ఆఫీసు నుంచి దండ వేసి పంపించారు. ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అందరూ మంచివాళ్లే. కంచం చేతికి ఇచ్చేవారు, చెప్పులు కాళ్లకు తొడిగేవారు, నాన్న ఎదురుగానే నాన్న గురించి మాట్లాడుకునేవారు. ఆయన ఆ కుర్చీలో పంతొమ్మిదేళ్లు కూర్చున్నాడు. చివరి రోజుల్లో, “ఒక్క కవరైనా ఇవ్వండే, చేత్తో పట్టుకుంటాను” అని అడిగేవాడు. ఆ కుర్చీ గుర్తులక్క కలల్లోకి వచ్చేది. కళ్లు పోతాయన్న భయం కన్నా ఆ కుర్చీ భయం పెద్దది. అందుకే ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికి కూడా.

దాచడం కూడా ఒక పనే. ఆ పనిని ఆమె కంటిన్యుటీ అంత శ్రద్ధగా చేసింది. టేపుకొలతకు బదులు జానెడుకో ముడి వేసిన తాడు పెట్టుకుంది. అడిగితే, “మా ఫ్యాక్టరీ అలవాటు” అనేది. లావు పెన్నుతో పేజీకి నాలుగు లైన్లే రాసేది. “ఏంటక్కా, గోడమీద నినాదాలు రాస్తున్నావా” అని లైట్లవాళ్లు ఏడిపించేవారు. మనుషుల్ని నడకతో, గొంతుతో, బట్టల రంగుతో పోల్చుకునేది. పధ్నాలుగేళ్లు గుండీలు తడిమిన వేళ్లు కనుక కాలరు మడత, చేతిపట్టీ, గుండీల లెక్క అన్నీ వేళ్లే చూసి చెప్పేవి. సీను మొదలయ్యే ముందు హీరో దగ్గరికి వెళ్లి, చాలా దగ్గరగా నిలబడి, కాలరు సర్దుతున్నట్టు ఒక్కొక్కటే తడిమేది. మధ్యచూపు లేదు కనుక ముఖం పక్కకు తిప్పి కంటికొసల నుంచి అతణ్ణి చూసేది. అలా చూస్తేనే చొక్కా అంచులు తేలేవి.

హెయిర్‌డ్రెస్సరు చూసింది అదే. ఆడమనిషి మగవాడికి జానెడు దూరంలో నిలబడి, మెడ వంచి, ఓరకంట చూస్తూ కాలరు నిమురుతోంది. దానికి ఇంకో అర్థం ఎవరికి తోస్తుంది? పైగా అక్కడున్నవాళ్లంతా ఐదేళ్లుగా అదే వంట వండుతున్నారు. ఇద్దరు మనుషులు దగ్గరగా నిలబడితే చాలు, మధ్యలో ప్రేమ ఉందనుకోవడం వాళ్ల వృత్తి. హీరో కూడా అలాగే అనుకున్నాడు. అతనిది చెడ్డ మనసు కాదు, కానీ అద్దం ముందు ఎక్కువసేపు నిలబడే మనిషి. “పాపం, వయసు మీద పడ్డాక పుట్టింది” అని తోటివాళ్లతో జాలిగా అనేవాడట. ఇవేవీ గుర్తులక్క చెవిన పడలేదు. ఆమె దృష్టంతా గుండీల మీదే ఉండేది.

ఐదో ఏడు చివర్లో గురువుగారు ఆ మూరెడూ తీసేయడానికి ఒప్పుకున్నారు. మాటలతో కాదు. ఇద్దరూ లిఫ్టులో ఇరుక్కుంటారు. దీపం ఆరిపోతుంది. ఆమె భయంతో అతని ఎడమ భుజం మీద వాలి ఏడుస్తుంది. దీపం వెలిగేసరికి మళ్లీ దూరంగా ఉంటారు, కానీ అతని నీలం చొక్కా భుజం మీద ఆమె కాటుక అంటి ఉంటుంది. ఇద్దరూ దాన్ని చూస్తారు. ఎవరూ ఏమీ అనరు. అంతే. ఆ ఒక్క మరక కోసం ఛానెల్‌వాళ్లు నెలరోజుల ముందు నుంచి ఊరంతా బోర్డులు పెట్టారు.

లిఫ్టు సెట్టు విప్పేయాలి కనుక ఆ సీను ముందు తీశారు. అంతకు మూడు వారాల ముందు ప్రసారమయ్యే ఆఫీసు వరండా సీను మర్నాడు తీశారు. రెండింట్లోనూ అదే నీలం చొక్కా. అందుకే కాస్ట్యూమ్ చూసే బాబాయి రెండు కుట్టించాడు. ఒకటి మరక అంటినది, ఒకటి శుభ్రమైనది. గుర్తులక్క తన పుస్తకంలో పేజీ అంతా పట్టేలా రాసుకుంది: ‘వరండా – మరక లేదు.’

మర్నాడు పదకొండు గంటలకు బాబాయి ఒక చొక్కా తెచ్చి ఆమె ముందు పట్టుకున్నాడు. ఆయనకు నలభై మంది బట్టలు. చూడాల్సింది ఆమె కనుక ఆయన చూడలేదు.

“ఇదేనా అమ్మాయ్?”

ఆమె తీసుకుంది. కాలరు తడిమింది. చేతిపట్టీలు తడిమింది. గుండీలు ఏడు. ఐదేళ్లలో ఆ చొక్కాల భుజాల మీద ఎవరూ వాలలేదు, అందుకని భుజం తడిమే అలవాటు వేళ్లకు లేదు. అయినా గుర్తుంది. భుజం మీద వేళ్లు ఆనించింది. కాటుక వేళ్లకు తెలియదు. బట్ట బట్టలాగే ఉంది. ముఖం పక్కకు తిప్పి చూసింది. నీలం. మచ్చ ఉన్నట్టే ఉంది, కానీ మచ్చ ఎప్పుడూ ఉంటుంది, ఎటు చూస్తే అటు వస్తుంది. అది చొక్కాదో కంటిదో ఎలా చెప్పడం?

ఒక్క మాట అంటే సరిపోయేది. బాబాయ్, మరకుందేమో నువ్వొకసారి చూడు. అంతే. కానీ గుర్తులక్క ఇంకొకరిని చూడమనడమంటే వంటమనిషి ఉప్పు సరిపోయిందో లేదో వీధిలోవాళ్లను అడగడం. బాబాయి నవ్వుతాడు, తర్వాత ఆలోచిస్తాడు, తర్వాత ఎవరితోనో అంటాడు. హీరో బనియనుతో నిలబడి ఉన్నాడు. డైరెక్టరు వరండాలోకి ఎండ వచ్చేస్తోందని కేకేస్తున్నాడు. ఆమెకు కిటికీ పక్క కుర్చీ కనపడింది. అదొక్కటే స్పష్టంగా కనపడింది.

“ఇదే బాబాయ్” అంది.

సీను ఒకే టేకులో అయిపోయింది. మూడు వారాలకు ప్రసారమైంది. హీరో వరండా ఆ చివర నుంచి హీరోయిన్‌ను చూస్తూ నిలబడతాడు, ఆమె తల వంచుకుని వెళ్లిపోతుంది. రెండు నిమిషాలు. ఎడిటింగులో హడావుడిగా చూసినవాళ్లు భుజం మీదున్నదేదో నీడ అనుకున్నారు. చూసేవాళ్లు అనుకోలేదు. ఐదేళ్లుగా ఆ ఇద్దరి మధ్య గాలి కదిలినా పట్టుకునే కళ్లు వాళ్లవి. ఎవరో తెరను ఆపి ఫోటో తీసి, భుజం చుట్టూ ఎర్రగీత గీసి, ‘ఇదేమిటి?’ అని పెట్టారు. సాయంత్రానికి అది ఊరంతా తిరిగింది.

కోపం వస్తే బాగుండేది. వచ్చింది కోపం కాదు. గుమ్మం బయట ఐదేళ్లు నిలబెట్టి, లోపల ఎప్పుడో తలుపేసుకుని కానిచ్చేశారన్నమాట, అన్నారు. మనకు చూపించకుండా ఎన్నిసార్లో, అన్నారు. బోర్డుల మీద ఊరించిన ఆ మొదటి స్పర్శ వాళ్ల దృష్టిలో ఎప్పుడో పాతబడిపోయింది. లిఫ్టు సీను వచ్చిన రోజు ఊపిరి బిగపట్టినవాళ్లు లేరు. గుర్తులక్క ఇంట్లో కూడా లేరు. ఆమె భర్త టీ తాగుతూ చూసి, “మళ్లీనా” అన్నాడు. ఛానెల్ మార్చాడు.

రేటింగు పడిపోయింది. ఛానెల్ మనిషి వచ్చి, ఇక దాచి లాభం లేదు, పెళ్లి చేసేయండి అన్నాడు. గురువుగారు మూడు రోజులు ఫోను ఎత్తలేదు. నాలుగోరోజు రాసిచ్చారు. పెళ్లయ్యాక ఆ ఇద్దరికీ చేయడానికి ఏమీ మిగల్లేదు. అతను కూరగాయల సంచి తెచ్చేవాడు, ఆమె అందుకునేది. నేలమీద టేపులు అంటించే పని కూడా పోయింది. పక్కపక్కనే నిలబడ్డ మనుషుల మధ్య ఏం కొలుస్తారు? జనం ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

మూసేస్తున్నామని కబురు వచ్చిన రోజు డైరెక్టరు గుర్తులక్కను ఆఫీసు గదిలోకి పిలిచాడు. గురువుగారు, బాబాయి ఉన్నారు. హెయిర్‌డ్రెస్సరు పని లేకపోయినా గుమ్మంలో నిలబడింది. తాను అడిగితే ఇదేనని చెప్పిందని బాబాయి అన్నాడు. ఆయన గొంతులో నింద లేదు, ఉన్నమాట చెబుతున్నానన్న బాధే ఉంది. ఇక హెయిర్‌డ్రెస్సరు మూడేళ్లుగా చూసినదంతా ఏకరువు పెట్టింది, ఓరచూపులతో సహా. డైరెక్టరు ఆమెను ఆపలేదు. చివరికి తల ఎత్తి ఒకటే అడిగాడు.

“అక్కా, ఉన్నవి రెండే దారులు. మరక నీకు కనపడి పంపావా, కనపడక పంపావా? నీ కళ్ల సంగతి నాకు తెలుసు. నర్సు గడియారం పట్టుకున్న కళ్లు. అయినా నీ నోటితోనే చెప్పు.”

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కనపడలేదంటే ఆ రోజుతో సరి. ఈ సీరియల్ పోయినా ఇంకొకటి ఉంటుంది, కానీ చూపులేని కంటిన్యుటీ మనిషిని ఎవరూ పిలవరు. పాడుబుద్ధి ఉన్న మనిషినైతే నాలుగు రోజులు తిట్టుకుని మళ్లీ పిలుస్తారేమో. ఆమె అలా లెక్కవేసుకుంది.

“కనపడింది సార్” అంది.

గుమ్మంలో ఎవరో నోరు చప్పరించారు. డైరెక్టరు ఇంకేమీ అడగలేదు. బయటికి వస్తుంటే గురువుగారు వెనకే వచ్చారు.

“కథలో ఎవరైనా ఇలా చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు తల్లీ” అన్నారు.

ఆమె నేలవైపు చూస్తూ నిలబడింది. ఆయన ఇంకో ప్రశ్న వేస్తారేమోనని భయపడింది, వేస్తే బాగుండుననీ అనుకుంది. ఆయన స్వెట్టరు గుండీలు పెట్టుకుంటూ వెళ్లిపోయారు.

మాట ఇంటికి ఆమెకన్నా ముందే చేరింది. భర్త మోటారు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

“వాళ్ల మధ్య దూరం కొలిచేదానివి కదా. నీకూ వాడికీ మధ్య ఎంతని రాసుకున్నావు?”

ఆమె చేతిసంచి గోడకు తగిలించి వంటగదిలోకి వెళ్లింది. ఆ రోజు నుంచి ఆయన భోజనం వరండాలో పెట్టుకుని తినేవాడు. తిట్టలేదు, కొట్టలేదు. అడిగినదానికి జవాబిచ్చేవాడు. టీవీ మీద గుడ్డ కప్పేశాడు. ఆ రెండు గదుల్లో ఇద్దరూ ఒకరికొకరు తగలకుండా తిరగడం నేర్చుకున్నారు. ఆమె వంటగదిలోకి వస్తే ఆయన గోడవైపు జరిగేవాడు. ఆ జరగడాన్ని ఆమె చూడలేకపోయినా వినేది.

వేసుకున్న లెక్క కూడా తప్పింది. ఇంకో సీరియల్ మేనేజరుకు ఫోను చేస్తే అతను ఇబ్బందిగా నవ్వి, “మా హీరో పెళ్లయినవాడక్కా. ఎందుకులే” అన్నాడు. రెండోచోట అసలు ఎత్తలేదు. మూడోచోట ఎత్తినవాళ్లు వెనక ఎవరికో, “ఆవిడే, ఆ కాటుకావిడ” అని చెబుతుంటే వినపడింది. ఇక చేయలేదు.

నాలుగు నెలలకు మచ్చ ఇంకా పెద్దదైంది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన వరండాలో తింటుంటే వెళ్లి గడప మీద కూర్చుని, ఉన్నదంతా చెప్పేసింది. డాక్టరు సంగతి, నాన్న సంగతి, చొక్కా సంగతి. మూడేళ్ల మాటలు ఒకేసారి వచ్చాయి. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు.

“ఇన్నేళ్లు సీరియల్లో పనిచేసి, నేర్చుకున్నది ఇంతేనా?” అన్నాడు. “కళ్లు పోవడం పాత కథ. ఇంకేదైనా చెప్పు.”

“నిజమండీ.”

“రోజూ వండుతున్నావు. మెట్లు దిగుతున్నావు. కనపడనిదానివి మొన్న నా చొక్కాకు గుండీ ఎలా కుట్టావు? ఆ కాగితమేదీ, డాక్టరు ఇచ్చింది?”

చింపేశానంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆమె ఇదివరకెప్పుడూ వినలేదు. దాచడం ఎంత బాగా చేసిందో అప్పుడు అర్థమైంది. అతుకు ఎక్కడా కనపడటం లేదు.

ఆ తర్వాత రెండు వారాలకు, ఇంట్లో బియ్యం నిండుకుంటే ఇద్దరూ కలిసి బజారుకు వెళ్లాల్సి వచ్చింది. సంచి బరువు కనుక కలిసి వెళ్లారు, అంతకుమించి ఏమీ లేదు. ఆయన నాలుగడుగులు ముందు, ఆమె వెనక. దుకాణం ముందు వరసలో నిలబడ్డారు. ఆయన సంచి విప్పుతూ వెనక్కి చూసేసరికి ఆమెకు ఎదురుగా ఒకతను వచ్చి నిలబడ్డాడు. హీరో. టీవీలో కన్నా కాస్త పొట్టి, మాసిన టీషర్టు. పనిలేక ఎండలో తిరుగుతున్నవాడిలా ఉన్నాడు. సరిగ్గా మూరెడు దూరంలో ఆగి, ఏమీ మాట్లాడకుండా, ఐదేళ్లూ జనం చూసిన ఆ సగం నవ్వుతో ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. క్షమించానన్నట్టు ఉంది ఆ చూపు. ఆమె ఏమంటుందోనని ఎదురుచూస్తున్నాడు.

భర్త చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. ఆయన హీరోను చూడలేదు. భార్య ముఖాన్నే చూశాడు.

ఆమె ఎదురుగా ఎవరో నిలబడ్డారని గ్రహించింది. దారి కోసం ఆగారనుకుని, “వెళ్లండి బాబూ” అని పక్కకు జరిగింది. ముఖంలో ఏమీ కదల్లేదు. ఎర్రబారలేదు, పాలిపోలేదు. ఎవరో బజారు మనిషికి దారి ఇచ్చిన ముఖం, అంతే. హీరో నవ్వు కాసేపు అలాగే నిలిచి, తర్వాత తడబడింది. అటూ ఇటూ చూసి, మెల్లగా తప్పుకున్నాడు.

“ఎవరే అతను?” అని భర్త అడిగాడు.

“ఏమో. మీకు తెలిసినవాళ్లా?”

ఆయన సంచి మడిచాడు. వరసలోంచి బయటికి వచ్చేశాడు. బియ్యం తీసుకోలేదు. ఆమె మణికట్టు పట్టుకున్నాడు, నాలుగున్నర నెలల తర్వాత. రోడ్డు దాటిస్తూ, “రాయుంది, చూసుకో” అన్నాడు. రెండడుగులు వేశాక, “ఇటు జరుగు” అన్నాడు. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఆ పట్టు కోసం ఆమె నాలుగున్నర నెలలు ఎదురుచూసింది. ఇప్పుడది అందగానే ఎక్కడిదో గుర్తుపట్టింది. నాన్నను పట్టుకున్న చేతులు కూడా ఇలాగే ఉండేవి.

ఇంటికి వచ్చి ఆయన చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. తర్వాత వరండాలో ఉన్న కుర్చీ తెచ్చి, గుడ్డతో తుడిచి, గాలి బాగా వస్తుందని కిటికీ పక్కన వేశాడు.

“ఇక్కడ కూర్చో” అన్నాడు. ఇంత మెత్తగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. “వంట నేను చూస్తాలే. నువ్వేం ముట్టుకోకు.”

“ఉల్లిపాయలైనా ఇటివ్వండి, వలుస్తాను” అంది.

“చెయ్యి తెగుతుంది. కూర్చో.”

ఆమె కూర్చుంది.

పుకారు మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఈమధ్య దానికి కొత్త ముక్క ఒకటి చేరింది, చేర్చింది హీరోనే. బజారులో కనపడితే, ప్రేమ బయటపడిపోతుందని, తననసలు ఎరగనట్టు నటించి తప్పుకుందట. హెయిర్‌డ్రెస్సరు దాన్ని ఇంకో మేకప్ గదిలో, ఇంకో హీరోయిన్ జుట్టు దువ్వుతూ చెబుతోంది. విన్నవాళ్లు పాపం అంటున్నారు.

ఆ హీరోతో గుర్తులక్క మూడేళ్లు పనిచేసింది. అతని కాలరు కొలత, చేతిపట్టీ మడత, గుండీల లెక్క ఆమెకు ఇప్పటికీ నోటికి వచ్చు. అతని ముఖం మాత్రం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.